లేని మార్కులు

గణాంకశాస్త్ర విద్యార్థులు వాడు 'ఆర్' భాషలో జాబితాలను మాత్రికగా మార్చుట ఒక్క పంక్తితో ముగియు పని. ఆ సులువునే మేము శంకించుచున్నాము. ఒక విద్యార్థికి నాలుగు పరీక్షలలో 40, 50, 60, 70 మార్కులు వచ్చినవనుకొందము; మరియొకరు రెండే వ్రాసి 30, 35 పొందిరి. 'ఆర్‌బైండ్' అను ఆదేశముతో వీనిని పేర్చినచో రెండవ అడ్డువరుస 30, 35, 30, 35 అగును! వ్రాయని పరీక్షలకు మార్కులు పడినవి. మూడు మార్కులున్నచో యంత్రము హెచ్చరించును. రెండు నాలుగును నిశ్శేషముగా భాగించును గనుక మౌనము వహించును. (ఆ పట్టికను చూచి ఉపకారవేతనములు నిర్ణయించు కమిటీవారికేమి తెలియును?) మార్చుటకు ముందే ప్రతి జాబితా పొడవును నాలుగని నిర్దేశించినచో లేనిచోట 'ఎన్ఏ' తానే నిలుచును. ప్రయోగశాలలో మొదట ఈ తప్పును విద్యార్థులచేతనే చేయించి, పిదప ఆదేశములు నేర్పవలెనని మా అభిప్రాయము.