మాత్రలు మార్చాను, చివరికి బండి మార్చాను

పోయిన సంవత్సరం వేసవిలో ఒక ఆదివారం ఉదయం నేను నా చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయాను. కుడిచేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు రెండూ నావి కానట్లు ఉన్నాయి. గుండీ వేలికి తగులుతోందో లేదో కూడా తెలియలేదు. మా ఆవిడ చూసి, దగ్గరకు వచ్చి తానే గుండీలు పెట్టింది. “ఏమండీ, ఇది ఎన్నాళ్ళ నుంచి?” అని అడిగింది. “నిన్నటి నుంచే” అన్నాను. అది అబద్ధం. అప్పటికే ఏడు నెలలయింది.

ఏడు నెలలు ఎవరికీ చెప్పకపోవడానికి కారణం నా బండి. చెబితే అమ్మేయమంటారని భయం. ఈ పత్రికలో బి.పి. గురించి, షుగరు గురించి, పిల్లల టీకాల గురించి చదువుతుంటాము. ఇందులో మోటారు సైకిలు గురించి చెప్పేదేముంది అని మీరు అనుకోవచ్చు. ఆదివారం ఆరాధన ముగిశాక ఆవరణలో నిలిపిన బళ్ళను ఒకసారి చూడండి. ముందుకు వంగి, వెనక సీటు ఆకాశంలోకి లేచి ఉన్న బళ్ళు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. వాటి మీద వచ్చినవారిలో సగం మంది మెడ రుద్దుకుంటూ దిగుతారు. నేను గమనిస్తూనే ఉన్నాను.

నా వయసు 42. ఏలూరు నుంచి వారానికి నాలుగైదు రోజులు తాడేపల్లిగూడెం, రాజమండ్రి వైపు, మరో రోజు భీమవరం వైపు తిరిగే ఉద్యోగం. రోజుకు 150 కిలోమీటర్లకు తక్కువ ఉండదు. 2003లో హీరో హోండా కరిజ్మా వచ్చినప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. దాన్ని చూడడానికే షోరూము ముందు నుంచి నడిచి వెళ్ళేవాడిని. 2008లో యమహా ఆర్15 వచ్చాక రేసు బండి ఆకారం మధ్యతరగతి ఇళ్ళ గుమ్మాల ముందుకు వచ్చేసింది. అప్పుడు నాకు స్తోమత లేదు. చెల్లెలి పెళ్ళి, ఇంటి అప్పు అన్నీ తీరాక, 37వ ఏట వాయిదాల మీద ఒక స్పోర్ట్స్ బైకు కొన్నాను. ఆ రోజు నాకు కలిగిన సంతోషం గురించి సిగ్గుపడటం లేదు. ఆ బండిని ఇప్పటికీ నిందించను. అది చేయవలసిన పనికి అది చక్కగా సరిపోతుంది. దాన్ని నా పనికి వాడటమే నా పొరపాటు.

కొంచెం వివరంగా చెప్తాను. స్పోర్ట్స్ బైకుకు హ్యాండిల్ కిందికి, దూరంగా ఉంటుంది. కాళ్ళు పెట్టే ఫుట్‌రెస్టులు వెనక్కి, పైకి ఉంటాయి. అందువల్ల మనిషి టాంకు మీదకు వంగి కూర్చోవాలి. పందెపు ట్రాకు మీద ఇది అవసరమే. వంద దాటిన వేగంలో ఎదురుగాలి ఛాతీని వెనక్కి నెడుతుంది, చేతుల మీది బరువు చాలా వరకు తగ్గుతుంది. పైగా మోటోజీపీ పందెం కూడా దాదాపు ముప్పావు గంటలో ముగుస్తుంది. తాడేపల్లిగూడెం బజారులో లారీల వెనక ఇరవై స్పీడులో వెళ్ళేటప్పుడు ఎదురుగాలి ఎక్కడిది? ఒంటి పైభాగం బరువంతా రెండు మణికట్ల మీద పడుతుంది. పైగా నిమిషానికి నాలుగు సార్లు క్లచ్ నొక్కాలి. హెల్మెట్ పెట్టుకున్న తలను, రోడ్డు కనపడాలంటే, మెడ వెనక్కి విరిచి ఎత్తి ఉంచాలి. ఇలా రోజుకు నాలుగు గంటలు.

అరచేతి అడుగున చిటికెన వేలి వైపు ఒక నరం వెళ్తుంది. అక్కడ గంటల తరబడి ఒత్తిడి పడితే చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారతాయి. దూరప్రయాణాలు చేసే సైకిలు పందెగాళ్ళలో ఇది డాక్టర్లకు ఎప్పటి నుంచో తెలిసిన జబ్బే. మణికట్టు మధ్యలో ఇంకో నరం ఉంది. అది నలిగితే బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతాయి, రాత్రిపూట ఎక్కువగా. ఏ వేళ్ళు అన్నది గుర్తు పెట్టుకొని డాక్టరుకు చెబితే వారికి సగం పని తగ్గుతుంది. అయితే తిమ్మిరి అంతా బండి వల్లే అనుకోవద్దు. షుగరు వల్ల కూడా వస్తుంది, మెడ ఎముకల దగ్గర నరం నొక్కుకుపోయినా వస్తుంది. నాకు ముందు చేసిన పరీక్ష షుగరుదే.

ఈ ఏడు నెలలూ నేను చేసిందేమిటి? నొప్పి మాత్రలు. మందుల షాపులో ఒకటి పని చేయకపోతే ఇంకొకటి. నొప్పి మాత్రలు నెలల తరబడి మన ఇష్టానికి మింగితే కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు పాడవవచ్చు. ఈ సంగతి నాకు తెలియదా? తెలుసు. మా అమ్మకు నేనే చెప్పాను.

గుండీల సంగతి తర్వాత కూడా నేను ఆసుపత్రికి రాలేదు. ఆ తర్వాతి బుధవారం రావులపాలెం దాటాక ఒక కుక్క అడ్డం వచ్చింది. ముందు బ్రేకు కుడిచేతితోనే పట్టాలి కదా, బండి ఆగడంలో ఎక్కువ పని దానిదే. వేళ్ళు బ్రేకు మీద ముడుచుకున్నాయనే అనుకున్నాను. ముడుచుకోలేదు. వెనక బ్రేకుతో బండి పక్కకు జారింది, డివైడరుకు మూరెడు దూరంలో ఆగింది. కుక్కకు ఏమీ కాలేదు, నాకూ దెబ్బ తగలలేదు. కాని బండి దిగి పది నిమిషాలు రోడ్డు పక్కన కూర్చుండిపోయాను. వెనక సీటు ఖాళీగా ఉంది కాబట్టి సరిపోయింది అన్న ఆలోచన ఆ రోజంతా వదలలేదు.

ఆ సీటు ఎందుకు ఖాళీగా ఉంది అన్నది ఇంకొక కథ. బండి కొన్న కొత్తలో మా ఆవిడ నాలుగైదు సార్లు ఎక్కింది. అంత ఎత్తు మీద, అరచేయంత సీటు మీద చీరతో కూర్చొని, నేను బ్రేకు వేసినప్పుడల్లా నా వీపు మీద పడి, ఒకసారి పెళ్ళికి వెళ్ళి వచ్చాక “నేను బస్సులో వస్తానండీ” అంది. అప్పటి నుంచి నాలుగేళ్ళు ఇద్దరం ఒకే చోటికి వెళ్ళేది, ఆమె బస్సులో, నేను బండి మీద. ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకునేవాళ్ళం. మన కుటుంబాలలో చాలామందికి బండి అంటే ఇద్దరి బండే. ఆ మాట నేను మరచిపోయాను.

ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చూసే ఆయన నన్ను మంచం మీద పడుకోబెట్టి పరీక్ష చేశాక ఎవరూ అడగని మాట అడిగారు. “మీ బండి ఎక్కడుంది? చూపించండి” అన్నారు. ఆవరణలోకి వచ్చి, నన్ను బండి ఎక్కి హెల్మెట్ పెట్టుకొని కూర్చోమన్నారు. పక్క నుంచి చూసి, “సార్, ఇప్పుడు రెండు చేతులూ హ్యాండిల్ మీద నుంచి మెల్లగా తీయండి” అన్నారు. తీయగానే ముందుకు తూలిపోయాను. “ఆ పడిపోయిన బరువంతా ఇన్నాళ్ళూ మీ మణికట్టు మోసింది” అన్నారు. అన్ని మాత్రలకూ అర్థం కానిది నాకు ఆ ఒక్క నిమిషంలో అర్థమయింది.

వెంటనే బండి అమ్మేయమని ఆయన అనలేదు. మోకాళ్ళతో టాంకును పట్టుకోమన్నారు, పొట్ట కండరాలతో ఒంటిని నిలపమన్నారు, మోచేతులు బిగపట్టక కొంచెం వంచి ఉంచమన్నారు. గంటకొకసారి దిగమన్నారు. చేశాను. నిజంగానే కొంత తగ్గింది. కాలేజీకి నాలుగు కిలోమీటర్లు వెళ్ళే కుర్రవాడికి ఈ మాత్రం చాలు. రోజుకు నాలుగు గంటలు పొట్ట కండరాలు బిగించి ఉండడం నా వల్ల కాలేదు.

బండి మార్చాలి అనగానే అందరూ ఇచ్చే సలహా ఒకటే, “బుల్లెట్ కొనుక్కో.” నేను ఒప్పుకోను. చేతులకు హాయిగా ఉండేదల్లా నడుముకు హాయి కాదు. మరీ నిటారుగా కూర్చుంటే గుంతలో పడిన ప్రతి దెబ్బా నేరుగా వెన్నెముకకు తగులుతుంది. కాళ్ళు ముందుకు చాపి కూర్చునే క్రూయిజర్ బండ్ల మీదైతే గుంత వచ్చినప్పుడు కాళ్ళ మీద లేవడానికి కూడా వీలుండదు. మన ఊళ్ళ మధ్య రోడ్లు మీకు తెలుసు. భీమవరం వైపు వానాకాలం తర్వాత ఒకసారి వెళ్ళి చూడండి.

ఈ రెండింటికీ మధ్యలో ఉన్నవే స్పోర్ట్ టూరింగ్ బండ్లు. ఈ ఆలోచన కొత్తది కాదు. 1976లోనే జర్మనీ వాళ్ళ బీఎండబ్ల్యూ ఆర్100ఆర్ఎస్ ఇలాంటిదే. వేగంగా వెళ్ళగలదు, గాలి ఛాతీకి తగలకుండా ముందు పెద్ద కవచం, రోజంతా కూర్చోగలిగిన సీటు. వీటికి హ్యాండిల్ కొంచెం ఎత్తుగా, దగ్గరగా ఉంటుంది. ఫుట్‌రెస్టులు కిందికి ఉంటాయి. నడుము కొద్దిగానే ముందుకు వంగుతుంది. బరువు చేతులూ సీటూ కాళ్ళూ పంచుకుంటాయి. మన దేశంలో 2011లో వచ్చిన హోండా సీబీఆర్250ఆర్‌ను దూరం తిరిగేవాళ్ళు ఇష్టపడింది ఇందుకే. 2016 చివర్లో బజాజ్ డోమినార్ 400 వచ్చింది, 2019లో సుజుకీ జిక్సర్ ఎస్ఎఫ్ 250 వచ్చింది. డోమినార్ దాదాపు 190 కిలోల బండి, మణికట్టు బాగాలేనివాడు ఇంటి ముందు వెనక్కి నెట్టాలంటే కష్టం. ఇంకొక మాట, కొత్తది కొనేవారు జీఎస్టీ చూసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన బళ్ళకు 40 శాతం, ఆ లోపువాటికి 18 శాతం అయింది. నేను పాతదే, 250 సీసీది, కొన్నాను.

కొనే ముందు షోరూములోనో, అమ్మేవారి ఇంటి ముందో, హెల్మెట్ పెట్టుకొని పది నిమిషాలు కదలకుండా దాని మీద కూర్చోండి. అమ్మేవాళ్ళు నవ్వినా ఫరవాలేదు. తర్వాత చేతులు తీసి చూడండి. తూలిపోకుండా నిలబడగలిగితే ఆ బండి మీ ఒంటికి సరిపోయినట్లే. అక్కడికి భార్యను వెంట తీసుకెళ్ళి వెనక కూర్చోబెట్టండి. పట్టుకోవడానికి హ్యాండ్ గ్రిప్, కాళ్ళకు ఫుట్‌రెస్టు, వెనక చక్రం సగానికి తక్కువ కాకుండా కప్పే చీర గార్డు, ఈ మూడూ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 123వ నిబంధన చెబుతోంది. అందం కోసం చీర గార్డు పీకించేసే మగవాళ్ళను చూస్తే నాకు కోపం వస్తుంది. ఆ చక్రంలో పడేది వాళ్ళ పంచె కాదు.

మా బావమరిది కొత్త బండి చూసి, “ఏం బావా, అప్పుడే ముసలాడివైపోయావా?” అన్నాడు. నవ్వాను గాని లోపల గుచ్చుకుంది. పాత బండి అమ్మకంలో వచ్చిన నష్టం కంటే ఆ మాటే ఎక్కువ బాధపెట్టింది. చాలామంది నొప్పిని దాచుకునేది ఈ మాటకు భయపడే. ఇంట్లో అమ్మానాన్నలు కొడుకుతో స్పీడు గురించే పోట్లాడతారు. “నీ చేతులు తిమ్మిరెక్కుతున్నాయా?” అని ఒక్కరూ అడగరు. డాక్టర్లకు కూడా నా విన్నపం ఒకటి. ఉప్పు ఎంత, నూనె ఎంత అని అడుగుతున్నారు, మంచిదే. మెడనొప్పి, చేతి తిమ్మిరి అని వచ్చినవాడిని ఏ బండి, రోజుకు ఎన్ని గంటలు అని కూడా అడగండి.

బండి మార్చగానే అన్నీ సర్దుకున్నాయని చెప్పను. మెడనొప్పి నెలలో పోయింది. వేళ్ళకు నాలుగు నెలలు పట్టింది, నరం నిదానంగా బాగవుతుంది. చిటికెన వేలి చివర ఇప్పటికీ కొంచెం మొద్దుగానే ఉంది, అది అలాగే ఉండవచ్చట. కొత్త బండికి ఒక కొత్త చిక్కు కూడా ఉంది. పాతదాని మీద నొప్పి వచ్చి నలభై కిలోమీటర్లకే ఆగేవాడిని. దీని మీద అలసట తెలియదు, తెలియకుండా రెండు గంటలు నడిపేస్తాను. ఒకసారి కళ్ళు మూతలు పడ్డాయి. అప్పటి నుంచి గంటకొకసారి ఆగి టీ తాగుతున్నాను, టీ అవసరం లేకపోయినా.

మా ఆవిడ ఇప్పుడు బస్సు ఎక్కడం లేదు. ఆమెకూ ఒక హెల్మెట్ కొన్నాము. మొదట్లో జడ నలుగుతుందని గొణిగేది.

పాత బండి కొనడానికి ఇరవై ఏళ్ళ కుర్రవాడు వాళ్ళ నాన్నతో వచ్చాడు. ఒక రౌండు తిప్పి వచ్చి, మొహమంతా వెలిగిపోతుండగా, “అంకుల్, చేతులు నొప్పి పుడతాయంటారు, నిజమేనా?” అని అడిగాడు. “రోజుకు ఎంత దూరం తిరుగుతావు బాబూ?” అన్నాను. “కాలేజీకి, ఇంటికి, అంతే. ఆరేడు కిలోమీటర్లు” అన్నాడు. చేతులు తీసి చూసే పరీక్ష వాడికీ చేయించాను. తూలాడు, తర్వాత మోకాళ్ళు బిగించి నిలబడ్డాడు. వేళ్ళు తిమ్మిరెక్కిన రోజున ముందు మీ నాన్నకు చెప్పు అని తాళాలు ఇచ్చాను. వాళ్ళ నాన్న వెనక ఎక్కబోయి, ఆ సీటు వంక చూసి, “నేను ఆటోలో వస్తాలే” అన్నారు.