బండే ఇల్లయితే చేను ఎవరు చూడాలె?

ఆదివారం వచ్చిందంటే మన కోట్‌పల్లి ప్రాజెక్టు కాడ హైదరాబాద్ బండ్లే కనిపిస్తయి. అది చూసి మన యువ రైతులు కొందరు అడుగుతున్నరు: "అన్నా, పొలం కౌలుకిచ్చి, వెనక ఇంజిన్ ఉన్న పెట్రోల్ బండి మీద చిన్న ఇల్లు కట్టుకుని ఏడాది పొడుగూ తిరుగుదామా? దేశీ విత్తనాలు సేకరించొచ్చు, వీడియోలు తీయొచ్చు." బండి లోపల ఎట్లుంటదో పైన వీడియోలో చూడండి. నా అభిప్రాయం ఇక్కడ రాస్తున్న.

వెనక ఇంజిన్ మనకు కొత్తేం కాదు. బజాజ్ ఆటో మీది ఆర్‌ఈ అక్షరాలకు అర్థమే అది. 1977 నుంచి నడుస్తున్నది. తమిళనాడుకు చెందిన అరుణ్ ప్రభు అనే యువ ఆర్కిటెక్ట్ అలాంటి ఆటో మీదే 36 చదరపు అడుగుల ఇల్లు కట్టి చూపించాడు. ఖర్చు లక్ష రూపాయల దాకా.

లాభం ఉంది. బరువు వెనక చక్రాల మీద పడుతుంది కాబట్టి అనంతగిరి గుట్ట ఎక్కేటప్పుడు పట్టు బాగుంటది. నష్టమేందంటే, ఇంజిన్ వేడి మనం పడుకునే చోటికి, విత్తనం పెట్టే చోటికి వస్తది. వేడి తగిలిన విత్తనం సరిగా మొలవదు. ఇంజిన్‌కు ఎదురుగాలి నేరుగా తగలదు. 100 లీటర్ల నీళ్లు పెట్టుకుంటే 100 కిలోల బరువు, దానికి తగ్గ పెట్రోల్. ఇక బాడీ మార్చాలంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. అనుమతి లేకుండా మారిస్తే ఇన్సూరెన్స్ కాడ కూడా చిక్కే.

ఇవన్నీ ఎట్లనో సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది నేల.

జీవామృతం డ్రమ్ములో కలిపినంక 48 గంటలు పూటపూటకూ తిప్పాలె, తయారయ్యాక వారంలో వాడాలె. ఆవుకు సెలవు ఉండదు. ఇక కౌలుకిస్తే? కౌలు రైతుది తప్పు కాదు. ఒక్క ఏడాదికి తీసుకున్నోడు పెట్టుబడి తిరిగి రావాలనే చూస్తడు. గడ్డి మందు కొడతడు, యూరియా చల్లుతడు. మీరు ఏండ్ల తరబడి ఆచ్ఛాదన వేసి పెంచుకున్న వానపాములకు దెబ్బ తగలొచ్చు. సేంద్రియ ధ్రువీకరణ ఉన్నోళ్లకైతే మార్పిడి కాలం మళ్లా మొదటి నుంచి లెక్క.

అందుకే నా మాట: తిరగండి, కానీ ఏడాదంతా కాదు. 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన తాండూరు కంది జూన్‌లో వేస్తే డిసెంబర్, జనవరికి చేతికొస్తది. వానాధారపు చేలల్లో ఆ తర్వాత మే దాకా తీరికే. ఆవులను పక్క రైతుకు అప్పజెప్పండి. వచ్చే ఏడాది వాళ్లు తిరిగితే వాళ్ల ఆవులను మీరు చూడండి.

మొదటిసారి ఇంటి బండి కొనొద్దు. ఉన్న బండిలోనే ఒక నెల తిరిగి చూడండి. రైతు ఇంటికి పోయిన రైతును ఎవ్వరూ అన్నం పెట్టకుండా పంపరు. ఆ నెలలో బండిల పడక లేదన్న లోటు నిజంగా అనిపిస్తే అప్పుడు కొనండి. విత్తనాల సంచి మాత్రం ఇంజిన్‌కు దూరంగా, ముందు సీటు కాడ పెట్టుకోండి.

మీరేమంటరు? కింద కామెంట్‌లో రాయండి.