ఇంటిపిల్లికి కావలసిన చెట్టు

పిల్లి యెదురైన మాత్రమున పయనము మానుకొను వాడుక యింకను పూర్తిగా పోని మన దేశమున, హైదరాబాదు విశాఖపట్టణముల ఫ్లాటులలో నేడది పడకగదివరకు ప్రవేశించినదన్న, అది చిన్న మార్పు గాదు. అయినను, దానిని లోనికి రానిచ్చి, గిన్నెలో తిండియు తొట్టిలో ఇసుకయు అమర్చినంతనే తన బాధ్యత తీరినదని తలచు గృహస్థుడు, ఆ పిల్లి కర్టెనులవెంట ప్రాకుచు, సోఫాచేతులను గీరుచు, ఫ్రిజ్జుమీదినుండి బీరువామీదికి దుముకుచు, కాలుకాలిన పిల్లియను మాటను సార్థకము చేయుచుండగా, దాని స్వభావమును నిందించునేగాని, నేలపై నెంత చోటున్నను ఎక్కుటకు తావులేని యిల్లు దానికి సగము ఇల్లేయని గుర్తింపడు. ఆ లోటు తీర్చుటకు పుట్టినదే అంగళ్లలో క్యాట్ ట్రీ యను పేర అమ్మెడి కృత్రిమవృక్షము. దానిని కొనువారిలో పెక్కురు పిల్లి దేహమును గాక తమ ముందుగది సొగసును చూచి కొనుచున్నారన్నదే నా అభియోగము.

పిల్లి చిన్న ప్రాణులను వేటాడునది. పెద్ద ప్రాణులకు తానే వేటయగునది. కావున పొంచి చూచుటకును, భయము కలిగినపుడు అందకుండ తప్పుకొనుటకును ఉన్నతస్థానమును కోరుట దాని జన్మలక్షణము. గోళ్లతో గీరుటయు అల్లరి గాదు: గోటిపై పాతబడిన పొర ఊడిపోవుటకును, వెన్నును భుజములను నిండుగా సాచుకొనుటకును, పాదములలోని గ్రంథుల వాసనను అంటించి ఆ చోటు తనదని చాటుకొనుటకును అది ఆ పని చేయుచుండును.

కావున చెట్టులో మొట్టమొదట చూడవలసినది ఎత్తు గాదు, దృఢత్వము. "మా పిల్లి 3 కిలోలైనను తూగదే, సన్నని కంబము చాలదా?" అని అడుగువారు, కూర్చున్న పిల్లి బరువును లెక్కించుచున్నారుగాని, గదికి ఆ మూలనుండి పరుగెత్తివచ్చి పై పలకమీదికి ఎగిరినపుడు ఆ కంబముపై పడెడి తాకిడిని లెక్కించుటలేదు. అంగడిలోనే పై పలకను అరచేత పట్టి అటునిటు త్రోసి చూడుడు. ఊగిసలాడినచో, ఎంత చౌకయైనను, ఎంత ముద్దుగా నున్నను, దానిని అక్కడనే విడిచి రండు. ఒకమారు తన క్రింద చెట్టు ఒరిగినదని యెరిగిన పిల్లి మరల దానివంక పోవుట అరుదు. పీఠము వెడల్పును బరువును గలదై యుండవలెను. ఎత్తు మిక్కిలియైనచో పైభాగమును గోడకు బిగింపవలెను. పిల్లి చిన్నదైనచో పలకల నడిమి దూరమును తగ్గింపవచ్చును, కూనలకు ముసలిపిల్లులకు 30 సెంటీమీటర్లకు మించకుండుట మేలు. కాని గీరుకొను కంబమును మాత్రము తగ్గింపరాదు. వెనుకకాళ్లపై నిలిచి ఒడలంతయు సాచినపుడు చిన్నజాతి పిల్లికైనను సుమారు 80 సెంటీమీటర్ల కంబము ఎడతెగక కావలెను. మూరెడు పొట్టికంబములను నాలుగు నిలిపి, వానిపై గూళ్లను పేర్చి అమ్మెడి సరకు ఈ పరీక్షలో నిలువదు.

ఇక బొచ్చుగుడ్డల తొడుగును గూర్చి. చలిదేశములవారికి అది సుఖమే కావచ్చునుగాని, రోహిణికార్తె యెండలలో మన పిల్లి దానిని విడిచి గచ్చుపైనే పండుకొనును. ఉతుకుటకు వీలైన నూలుగుడ్డ పరచిన పలకయు, కిత్తనార త్రాడును సందులేకుండ బిగించి చుట్టిన కంబమును చాలును; కొబ్బరిపీచు త్రాడు పొడియై ఇల్లంతయు రాలును. త్రాటి కొసలలో ఇనుపపిన్నులు పైకి పొడుచుకొని యున్నవేమో వ్రేలితో తడిమి చూడవలెను. సాగెడి దారమున వ్రేలాడు బంతులను ఇంటికి రాగానే కోసివేయుట మంచిది. మ్రింగిన దారము ప్రేగులలో చిక్కుకొని ప్రాణాపాయమగును. మామిడిచెక్కతో పీఠము చేయగల వడ్రంగి మీ వీథిలో నున్నచో, అంగడి సరకుకంటె అతనినే నేను నమ్ముదును.

ఎక్కడ నిలుపవలెనన్న ప్రశ్నకు విదేశపు సలహాలలో కానరాని యొక జవాబు మన యిండ్లలో కలదు: తలపై తిరుగు సీలింగుఫ్యానుకు దూరముగా. మనుష్యులు కూర్చుండు గదిలో, కిటికీప్రక్కన నుంచినచో పిల్లికి వీథియు పావురములును కనబడును. మూలగదిలోనికి నెట్టిన చెట్టు బట్టలారవేయుటకే మిగులును. కిటికీకి మాత్రము గట్టి జాలి యుండితీరవలెను. న్యూయార్కు నగరమున మేడలపైనుండి పడి ఆసుపత్రికి వచ్చిన 132 పిల్లులను గూర్చి 1987లో ప్రకటింపబడిన పరిశీలనలో నూటికి తొంబది బ్రదికినవని చూపి, పిల్లికి పడినను భయములేదని వాదించువారు కలరు. పడినచోటనే ప్రాణము విడిచినవానిని ఆసుపత్రికి ఎవరు తెత్తురు?

చెట్టునకు చోటే లేదనువారు గోడకు బలమైన పలకలను మెట్లవలె బిగించినను సరిపోవును. అయితే ఎక్కుటకు వలెనే దిగుటకును మెట్టు వెంట మెట్టు ఉండవలెను. పిల్లిగోళ్ల వంపు పైకి ప్రాకుటకు పట్టునిచ్చునుగాని, తలక్రిందుగా దిగునపుడు పనికిరాదు.