పప్పులో ఓకే, పచ్చిగా నో!

మన ఇళ్లలో టమాటా లేని రోజు ఉందా? పప్పులో ఉంటుంది, చారులో ఉంటుంది, పచ్చడి సంగతి చెప్పక్కర్లేదు. 2023 జులైలో కిలో 150 దాటినప్పుడు కూడా మానలేదు. రెండు వేసే చోట ఒకటి వేసుకున్నాం, అంతే. కానీ వండకుండా, ఉత్తి టమాటా ముక్క ఇష్టంగా చివరిసారి ఎప్పుడు తిన్నారో గుర్తుందా? బిర్యానీ పక్కన వచ్చే చక్రాలు లెక్కలోకి రావు. వాటిని మనం తినం, పక్కకి జరుపుతాం.

అలా జరిపే మనమే పిల్లల్ని కూర్చోబెట్టి "తిను నాన్నా, రక్తం పడుతుంది" అంటాం. వాళ్లు మన ప్లేటు చూడట్లేదనుకుంటాం కాబోలు.

మా అక్క కూతురికి ఐదేళ్లు. కెచప్ అయితే సీసా ఎత్తి తాగేస్తుంది. టమాటా ముక్క కనిపిస్తే మాత్రం మొహం తిప్పేస్తుంది. ఇందులో వింతేం లేదు. చాలా కెచప్పుల్లో వంద గ్రాములకి 20 గ్రాముల పైనే చక్కెర ఉంటుంది, దానికి తోడు ఉప్పు. టమాటాలో నూటికి 94 వంతులు నీళ్లే. ఆ పోటీలో పాపం టమాటా ఎలా గెలుస్తుంది?

అక్క తన దారి తను కనిపెట్టింది. ఎదురుగా ఫోన్లో రైమ్స్ పెట్టడం, నోరు తెరవగానే పెరుగన్నంలో దాచిన ముక్కని లోపలికి తోసేయడం. ఎనిమిదింపావుకి స్కూల్ బస్సు, తొమ్మిదికి తనకి మీటింగ్. తప్పు పట్టడానికి నాకు మనసు రాలేదు. నెల రోజులు బాగానే నడిచింది. ఒకరోజు వీడియో మధ్యలో యాడ్ వచ్చింది. చిన్నది తల దించి ప్లేటు చూసింది. అంతే, నోట్లో ఉన్నదంతా ఉమ్మేసింది. అక్కడితో ఆగినా బాగుండేది. తర్వాత మూడు వారాలు పెరుగన్నం ముట్టలేదు, అంతకుముందు లొట్టలేసుకుని తిన్న టమాటా పప్పు కూడా వద్దంది. ఏం పెట్టినా వేలితో కెలికి, "అమ్మా, ఇందులో ఏం కలిపావ్?" అని అడిగేది. ఆ ప్రశ్న విన్నప్పుడల్లా అక్క మొహం చూడాలి. టమాటా సంగతి దేవుడెరుగు, ఇప్పుడు అమ్మ చేతి ముద్ద మీదే అనుమానం.

అందుకే ఈ వారం ఈ టాపిక్.

మొదటి మాట, పిల్లలు నాటకం ఆడట్లేదు. రెండు నుంచి ఆరేళ్ల మధ్య కొత్త తిండి అంటే జంకడం మామూలే. పైగా పచ్చి టమాటా కాస్త మోసకారి. పైన గట్టి తొక్క, దాని కింద మెత్తని కండ, కొరకగానే లోపల్నుంచి జారే జిగురూ గింజలూ. ఒకే ముక్కలో ఇన్ని రకాలంటే చిన్న నోటికి కష్టమే. తమాషా ఏంటంటే అసలు రుచి ఉండేది ఆ జిగురులోనే. చికెన్ పులుసుకి, పుట్టగొడుగులకి కమ్మదనం ఇచ్చే గ్లూటమేట్ కండలో కంటే అక్కడే ఎక్కువ. పిల్లలు "ఛీ" అనేది కూడా సరిగ్గా దాన్నే.

రెండో మాట, చాలాసార్లు వాళ్లు చెప్పేది నిజం. ఆ టమాటా నిజంగానే బాలేదు. మదనపల్లె నుంచో ఇంకో చోటి నుంచో లారీలో నలగకుండా రావాలంటే పూర్తిగా పండకముందే కోయాలి. రంగు దారిలో వస్తుంది గానీ, చెట్టు మీద పండినంత రుచి రాదు. అలా వచ్చినదాన్ని మనం నేరుగా ఫ్రిజ్‌లోకి తోస్తాం. టమాటాకి సుమారు 12 డిగ్రీల కింద చలి పడదు. ఫ్లోరిడా యూనివర్సిటీవాళ్లు 2016లో తేల్చిందేంటంటే, పండిన టమాటాని వారం రోజులు 5 డిగ్రీల దగ్గర ఉంచితే సువాసన తయారుచేసే జన్యువుల పని మందగిస్తుంది, బయట పెట్టినా మళ్లీ పూర్తిగా కోలుకోదు. అందుకే బుట్టలో, గది వేడిలో ఉంచండి. బాగా పండిపోతే ఒకట్రెండు రోజులకి ఫ్రిజ్ ఫర్వాలేదు. తినే ముందు కాసేపు బయట పెట్టండి చాలు.

సరే, తినిపించడం ఎలా?

మన దగ్గర దీనికి దారి ఎప్పట్నుంచో ఉంది, టమాటాకి వాడట్లేదంతే. స్కూల్ బయట పుల్లటి మామిడికాయ ముక్క, జామకాయ... వాటిని ఏ పిల్లాడూ వద్దనడు. ఎందుకు? ఉప్పూ కారం. కాస్త గట్టిగా ఉన్న టమాటాని సన్నటి చక్రాలు కోసి, చిటికెడు ఉప్పు, కొంచెం జీలకర్ర పొడి చల్లి చూడండి. జిగురు ఇబ్బందైతే మొదట్లో గింజలు తీసేసి కండ మాత్రం ఇవ్వండి. పిడత కింద పప్పులో మరమరాల మధ్య పడేది పచ్చి టమాటానే. దాన్ని ఏరి పారేసే పిల్లల్ని నేనింకా చూడలేదు. కరకరలాడేవాటి మధ్య మెత్తదనం తెలీదు. పెరుగు పచ్చడిలో కూడా అంతే.

చెర్రీ టమాటాలు తియ్యగా ఉంటాయని చాలామంది వాటితో మొదలుపెడతారు. మంచిదే. కానీ ఐదేళ్లలోపు పిల్లలకి గుండ్రంగా అలాగే ఇవ్వొద్దు, గొంతులో ఇరుక్కునే సైజు అది. నిలువుగా నాలుగు ముక్కలు చేసి ఇవ్వండి. ఇది మాత్రం మర్చిపోవద్దు.

ఇక ఓపిక. ఒక కొత్త రుచి అలవాటవ్వడానికి పిల్లలకి 8 నుంచి 15 సార్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ సార్లు ఎదురుపడాలంటారు. మనం మూడోసారికే "మావాడికి పడదండీ" అని తీర్పిచ్చేస్తాం. మా ఉద్యోగంలో సర్వర్ పలక్కపోతే క్షణానికోసారి తలుపు బాదం. కాస్త ఆగి అడుగుతాం, ఇంకా పలక్కపోతే ఇంకొంచెం ఎక్కువ ఆగి అడుగుతాం. బాదుతూ ఉంటే అది ఇంకా మొరాయిస్తుంది. ఐదేళ్ల పిల్ల కూడా దాదాపు అంతే, కాకపోతే లాగ్స్ ఉండవు.

ఎలిన్ సాటర్ అని అమెరికాలో ఒక డైటీషియన్. ఆవిడ పని పంపకం నాకు బాగా నచ్చింది. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అనేది పెద్దవాళ్ల పని. తినాలా వద్దా, ఎంత తినాలి అనేది పిల్లల పని. మన ఇళ్లలో ఇది పాటించడం యుద్ధమే, అమ్మమ్మలు ఒప్పుకోరు. "తినకపోతే ఊరుకోమంటావేంట్రా?" అని మా అమ్మ నా మీదకే వచ్చింది. ఊరుకోమనే అన్నాను. పచ్చిది తినకపోతే కొంపలేం మునగవు. వంద గ్రాముల్లో విటమిన్ సి 14 మిల్లీగ్రాముల చిల్లర, ఒక్క జామకాయలో దానికి ఎన్నో రెట్లుంటుంది. ఆ ఎరుపునిచ్చే లైకోపీన్ అయితే నూనె వేసి వండితేనే ఒంటికి బాగా పడుతుంది. అంటే మన తాలింపు టమాటా పప్పు తక్కువదేం కాదు. పచ్చి ముక్క ఇవ్వడం ఇంకో రుచి పరిచయం చేయడానికే. దానికోసం దాచిపెట్టడాలు, ఏడుపులు అక్కర్లేదు.

అక్క వాళ్లింట్లో ఇప్పుడు అన్నం టైమ్‌లో ఫోన్ టీవీ పక్కన ఉంటుంది. టేబుల్ మధ్యలో ఒక చిన్న ప్లేటు, అందులో నాలుగు చక్రాలు, పక్కన ఉప్పు. ఎవరూ ఎవర్నీ తినమనరు. బావగారు మాత్రం తినాలి, అది ఆయన డ్యూటీ. రెండు వారాలకి చిన్నది ఒకటి తీసి నాకి, మళ్లీ అక్కడే పెట్టేసింది. అదీ లెక్కే.

బాల్కనీలో ఎండ పడే జాగా ఉంటే వానలు తగ్గాక, అక్టోబర్ వైపు, ఒక కుండీ పెట్టండి. కూరకి తెచ్చిన పండు గింజలే మట్టిలో నొక్కినా వారం పది రోజుల్లో మొలకలొస్తాయి. హైబ్రిడ్ అయితే కాయ అచ్చం అలాగే రాకపోవచ్చు, వచ్చిందే మనది. నారు నాటిన రెండు రెండున్నర నెలలకి కాయ చేతికొస్తుంది. ఎండాకాలంలో మొదలుపెడితే మాత్రం 35 డిగ్రీలు దాటాక పూత రాలిపోయి పిల్లలకి నిరాశే మిగులుతుంది. నీళ్లు పోసే పని వాళ్లకే ఇవ్వండి, ఆకులు మాత్రం నోట్లో పెట్టుకోవద్దని చెప్పండి. మొదటి కాయ పండాక ఎవరికివ్వాలో కూడా వాళ్లనే చెప్పనివ్వండి. "నాన్నకి" అంటే నాన్న తినాల్సిందే, పచ్చిగానే.