రెండవ కార్డుకు తగిన చోటు

కొత్త గ్రాఫిక్స్ కార్డు కొన్న ప్రతి విద్యార్థికీ మరునాడే ఒక ప్రశ్న ఎదురవుతుంది: పాత కార్డును ఏమి చేయాలి? ఆటల కోసం ముచ్చటపడి, ఎన్నాళ్లో డబ్బు కూడబెట్టి కొన్న వస్తువు అది. చెడిపోలేదు. పారవేయడానికి మనసొప్పదు, అటక మీదికి ఎక్కించడానికీ మనసొప్పదు. ఇంటి కంప్యూటరు మూత తీసి చూస్తే మదర్‌బోర్డు మీద రెండవ స్లాటు ఖాళీగా కనిపిస్తుంది. దానిలో ఈ పాత కార్డును కూడా అమర్చితే యంత్రం బలం రెట్టింపు కాదా అన్న ఆశ కలగడం సహజం. ఒక ఎద్దు లాగే బండికి రెండవ ఎద్దును కట్టినట్లే గదా అని వాదించే మిత్రులను మేము ఎరుగుదుము. ఈ ఆశ ఎంతవరకు సమంజసమో ముందుగా విచారించి, పిమ్మట కళాశాల కమిటీవారి ముందు ఒక ప్రతిపాదన ఉంచడం మా ఉద్దేశం.

ఆశకు ఆధారం లేకపోలేదు. 1998లో త్రీడీఎఫ్ఎక్స్ అనే అమెరికా సంస్థ వూడూ 2 అనే కార్డును విడుదల చేసినప్పుడు, అటువంటివి రెండింటిని జతచేసి వాడుకొనే వీలు కల్పించింది. తెరమీది సరి గీతలను ఒక కార్డు, బేసి గీతలను మరొక కార్డు చిత్రించేవి. ఆ సంస్థ ఆస్తులను తరువాత కొనుగోలు చేసిన ఎన్విడియా, 2004లో ఎస్.ఎల్.ఐ. అన్న అవే పొడి అక్షరాలతో తన సొంత పద్ధతిని ప్రవేశపెట్టింది. 2005లో ఏ.టి.ఐ. సంస్థ క్రాస్‌ఫైర్ అనే పేరుతో పోటీకి వచ్చింది. ఆ సంస్థ 2006లో ఏ.ఎం.డి.లో కలిసిపోయినా పద్ధతి కొనసాగింది. స్తోమత గలవారు రెండేసి కార్డులు, కొందరు అంతకంటె ఎక్కువ కూడా అమర్చుకొని ఆడిన కాలం అది.

ఈ ఏర్పాటులో ఎక్కువగా నడిచినది వంతుల పద్ధతి. ఆట సెకనుకు అరవై చిత్రాలు చూపవలసి ఉంటే, ఒక చిత్రాన్ని ఒక కార్డు, తరువాతి చిత్రాన్ని రెండవ కార్డు తయారుచేస్తాయి. ఇద్దరు లేఖకులు ఒకే పుస్తకాన్ని పుట విడిచి పుట వ్రాయడం వంటిది ఇది. ఇద్దరి చేతివేగం సమానమైతేనే పుస్తకం సాగుతుంది. అందుచేతనే ఎన్విడియా పద్ధతిలో రెండు కార్డులూ ఒకే రకం చిప్పు గలవి కావలసి ఉండేవి. ఏ.ఎం.డి. పద్ధతిలో కొంత వెసులుబాటు ఉన్నా, అదీ ఒకే కుటుంబానికి చెందిన కార్డులకే. మన విద్యార్థి చేతిలో ఉన్నవి ఒక పాత కార్డు, ఒక కొత్త కార్డు. అటువంటి జోడు ఆ మంచి రోజులలో సైతం సాధారణంగా కుదిరేది కాదు.

ఆ రోజులూ గతించాయి. తరువాత వచ్చిన ఆటలు ఒక చిత్రాన్ని తయారుచేయడానికి దాని ముందరి చిత్రంలోని సమాచారాన్ని వాడుకోవడం మొదలుపెట్టాయి. ముందరి పుట ఇంకొకరి చేతిలో ఉండిపోతే, రెండవ లేఖకుడు కలం పట్టుకొని ఎదురుచూడవలసిందే గదా! పైగా చిత్రాల నడుమ వ్యవధి ఒక్కతీరుగా ఉండక, లెక్కలో వేగం పెరిగినా కంటికి మాత్రం తెర తడబడుతున్నట్లు తోచేది. 2021 జనవరి 1 నుండి జీఫోర్స్ 20 శ్రేణికి, అంతకు ముందరి కార్డులకు ఎస్.ఎల్.ఐ. కోసం కొత్త ఏర్పాట్లను డ్రైవర్లలో చేర్చడం ఎన్విడియా మానివేసింది. జీఫోర్స్ 30 శ్రేణిలో 3090, 3090 టి.ఐ. అనే కార్డులకు మాత్రమే జతచేసే వసతి మిగిలింది. 2022లో వచ్చిన 40 శ్రేణిలో అదీ లేదు. 2015లో వెలువడిన డైరెక్ట్‌ఎక్స్ 12 మాత్రం భిన్నమైన కార్డులను కలిపి వాడుకొనే అవకాశాన్ని ఇచ్చి, ఆ బాధ్యతను ఆటను వ్రాసేవారికే అప్పగించింది. 2016లో వచ్చిన ఆషెస్ ఆఫ్ ది సింగ్యులారిటీ అనే ఆట ఆ పని చేసి చూపింది. దానిని అనుసరించినవారు బహు కొద్దిమంది. నేటి స్థితిని ఒక్క మాటలో చెప్పాలంటే, ఎద్దులు రెండున్నాయి గాని కాడి లేదు.

మరొక భ్రమను కూడా తొలగించవలసి ఉన్నది. ఎనిమిది జి.బి. జ్ఞాపకం గల కార్డులు రెండు కలిస్తే ఆటకు పదహారు జి.బి. లభిస్తుందని కొందరి నమ్మకం. వంతుల పద్ధతిలో ప్రతి కార్డు దగ్గరా ఆటకు సంబంధించిన సరంజామా యావత్తూ ఉండి తీరాలి. కనుక ఎనిమిది, ఎనిమిదీ కలిసినా ఆటకు దక్కేది ఎనిమిదే.

ఇక ఖర్చుల సంగతి. స్లాటు నుండి కార్డుకు అందగల విద్యుత్తు 75 వాట్లు మాత్రమే. అంతకుమించి కావలసిన కార్డుకు పవర్ సప్లై నుండి వేరే తీగలు కావాలి. ఆరు పిన్నుల తీగ 75 వాట్లకు, ఎనిమిది పిన్నుల తీగ 150 వాట్లకు ఏర్పరచినవి. రెండు కార్డుల భారం మోయడానికి చాలా ఇళ్లలోని పవర్ సప్లై చాలదు. అనేక మదర్‌బోర్డుల మీద రెండవ స్లాటు చూపుకు పొడవుగా ఉన్నా, లోపల సమాచారం నడిచే దారులు పదహారుకు బదులు నాలుగే ఉంటాయి. మొదటి కార్డుకు ఊపిరాడకుండా రెండవది అడ్డు నిలిచి పెట్టెలో వేడి పెరుగుతుంది. మన వేసవిలో ఇది చిన్న విషయం కాదు. జీఫోర్స్ 10 శ్రేణి వంటి పాత కార్డులకు కొత్త ఆటల కోసం డ్రైవర్లు వెలువరించడం 2025 అక్టోబరుతో ముగిసింది. కాబట్టి పాతదీ కొత్తదీ ఒకే యంత్రంలో ఒకే డ్రైవరు కింద నడపడం ఇకముందు మరింత కష్టం.

న్యాయంగా మాట్లాడాలంటే రెండవ కార్డు ఉపకరించే సందర్భాలూ ఉన్నాయి. లాస్‌లెస్ స్కేలింగ్ అనే ప్రోగ్రాము, ఆటను ఒక కార్డు నడుపుతూ ఉంటే, నడుమ నడుమ చేర్చవలసిన కల్పిత చిత్రాలను రెండవ కార్డు చేత తయారుచేయిస్తుంది. చలనం నునుపుగా కనిపిస్తుంది గాని, మీట నొక్కినప్పటికీ తెరమీద ఫలితం కనిపించినప్పటికీ మధ్య కొంత జాప్యం వస్తుంది. 2025లో జీఫోర్స్ 50 శ్రేణి విడుదలైనప్పుడు ఫిజ్‌ఎక్స్ వాడే కొన్ని పాత ఆటలు దానిమీద మందగించగా, అభిమానులు పాత కార్డును పక్కన చేర్చి వాటిని తిరిగి నడిపించుకొన్నారు. బ్లెండర్ అనే ఉచిత చిత్రనిర్మాణ ప్రోగ్రాము రెండు కార్డులకూ పని పంచగలదు. భాషా నమూనాలను ఇంటి యంత్రం మీదనే నడిపేవారు ఒకే నమూనాను రెండు కార్డుల జ్ఞాపకాలకు పంచి పెట్టగలరు. ఇటువంటి పని నిత్యం చేసే విద్యార్థి రెండవ కార్డును నిస్సంకోచంగా తన యంత్రంలోనే ఉంచుకొనుగాక! కాని కేవలం ఆటల కోసం అమర్చినవారికి దక్కేది స్వల్పం.

ఇక్కడనే మా అభిప్రాయం చెప్పదలచినాము. ఇప్పటికే బలమైన కార్డు ఉన్న యంత్రానికి పాత కార్డు ఇచ్చే అదనపు బలం అణుమాత్రం. అసలు కార్డే లేని యంత్రానికి అదే కార్డు సర్వస్వం. ఆ రెండవ యంత్రం ముందు కూర్చొనేది రెండవ విద్యార్థి. రెండవ కార్డుకు తగిన చోటు రెండవ స్లాటు కాదు, రెండవ కంప్యూటరు. నిండిన కుండలో మరొక చెంబెడు నీరు పోస్తే నేల తడుస్తుందే తప్ప ఎవరి దాహమూ తీరదు.

ఒక సామాన్యమైన పాత కార్డు ఏమి చేయగలదో చూద్దాము. 2016లో వచ్చిన జీటీఎక్స్ 1060 కార్డు, ఆరు జి.బి. రకం, 120 వాట్లతో నడుస్తుంది. కొత్త ఆటలకు అది వృద్ధాప్యంలో పడినదే. కాని బ్లెండర్ నేర్చుకొనే విద్యార్థికి అది మంచి గురువు. ఓపెన్‌ఏఐ సంస్థ 2022లో అందరికీ ఉచితంగా విడుదల చేసిన విస్పర్ అనే ప్రోగ్రాము, పలికిన మాటలను వ్రాతలోకి మారుస్తుంది. దానికి తెలిసిన భాషలలో ఉర్దూ, తెలుగు రెండూ ఉన్నాయి. అందులోని మధ్యరకం నమూనాకు సుమారు ఐదు జి.బి. జ్ఞాపకం చాలును. అంటే ఒక అధ్యాపకుని పాఠాన్ని రికార్డు చేసి, ఇంటర్నెట్ అవసరం లేకుండానే, దాని వ్రాతప్రతిని మన ప్రయోగశాలలోనే తయారుచేసుకోవచ్చు. తప్పులు ఉంటాయి, తెలుగులో మరీ ఎక్కువగా ఉంటాయి. వాటిని విద్యార్థులు కూర్చొని దిద్దవలసిందే. ఆ దిద్దుబాటు భాషాభ్యాసమూ అవుతుంది, ఇతరులకు ఉపకారమూ అవుతుంది. పాఠ్యవిషయం ఇంగ్లీషులో విస్తారంగా ఉండి, ఉర్దూ, తెలుగు భాషలలో కొరతగా ఉన్న మనవంటి కళాశాలకు దీని విలువ ఎంతటిదో కమిటీవారికి మేము విన్నవించనక్కరలేదు.

కనుక మా ప్రతిపాదన ఇది. ప్రతి విద్యాసంవత్సరం ఆరంభంలో, ఇళ్లలో వాడకుండా ఉన్న కార్డులను కళాశాలకు దానంగా గాని, ఎరువుగా గాని ఇవ్వవలసిందని పూర్వ విద్యార్థులకు, నేటి విద్యార్థులకు కమిటీ విజ్ఞప్తి చేయాలి. వచ్చిన ప్రతి కార్డునూ ఒక రిజిస్టరులో ఇచ్చినవారి పేరుతో నమోదు చేసి, పరీక్షించిన పిమ్మటనే అమర్చాలి. కార్యాలయాలలో వాడే రకం కంప్యూటర్లలో పవర్ సప్లై చిన్నది, అదనపు తీగలు లేనివి తరచుగా ఉంటాయి. అటువంటి వాటికి స్లాటు విద్యుత్తుతోనే నడిచే 1050 టి.ఐ. వంటి 75 వాట్ల కార్డులనే ఎంచుకోవాలి. ఆ యంత్రాల ముందు కూర్చొనే వేళలను ఉర్దూ, తెలుగు విభాగాల విద్యార్థులకు, విద్యార్థినులకు సమంగా పంచాలి.

కార్డులు వస్తే ప్రయోగశాల ఆటస్థలంగా మారుతుందని పెద్దలు శంకించవచ్చు. ఆ శంక నిరాధారమని మేము అనము. అయితే ఆట మీది మోజుతోనే మూత విప్పి, స్క్రూలు తిప్పి, కంప్యూటరు లోపలి సంగతులు తెలుసుకొన్న విద్యార్థులు ఎందరో ఉన్నారు. పని ముగిసిన తరువాత శనివారం ఒక గంట ఆటకు కేటాయిస్తే కళాశాల గౌరవానికి లోపం రాదు. మిగిలిన వేళలలో క్రమశిక్షణ నిలపడం ఇన్‌చార్జి అధ్యాపకుల చేతిలోని పని.

పాత కార్డును అమ్మితే నాలుగు డబ్బులు వస్తాయి గదా అని మరికొందరు అడుగుతారు. అవసరంలో ఉన్నవారు తప్పక అమ్ముకోవాలి. వారిని తప్పుపట్టే హక్కు మాకు లేదు. మా మనవి, అమ్మకుండా, వాడకుండా, ఏ పనీ చేయని రెండవ స్లాటులోనో, అటక మీది అట్టపెట్టెలోనో దానిని ఉంచుకొన్నవారికే. ఉర్దూలో సదఖయె జారియా అంటారు. ఇచ్చినవాని తరువాత కూడా ప్రవహించే దానమని దాని అర్థం. తెలుగులో విద్యాదానం అంటాము. రెండు భాషలు ఒకే చూరు కింద చదువుకొనే ఈ కళాశాలలో ఆ రెండు మాటలకూ అర్థం ఒక్కటే కాగలదని మా విశ్వాసం. వచ్చే సంచిక వెలువడేనాటికి ప్రయోగశాలలో కనీసం ఒక్క యంత్రమైనా ఇటువంటి కార్డుతో వెలుగుతూ ఉండాలని కోరుతూ, ఈ విషయాన్ని కమిటీవారి ఆలోచనకు వదులుతున్నాము.