బోరు పెద్దదైతే సరిపోతదా?

బీజీఎంఐ ఆడే దోస్తులకు ఒక చిన్న పరీక్ష. మీ చేతిలో ఏకేఎం ఉంది. పక్కనే ఎస్‌ఎల్‌ఆర్ దొరికింది. రెండూ 7.62 తూటాలతోనే పనిచేస్తాయి. అంటే బ్యాగులో ఉన్న తూటాలు రెండింటికీ సరిపోతాయా?

ఆటలో సరిపోతాయి. నిజం తుపాకుల్లో సరిపోవు. ఏకేఎం తూటా 7.62×39. ఎస్‌ఎల్‌ఆర్ తూటా 7.62×51. ముందు ఉండే గుండు మందం దాదాపు ఒకటే. వెనక మందు నింపే గొట్టం పొడవు మాత్రం ఒకదానికి 39 మిల్లీమీటర్లు, ఇంకోదానికి 51. దాని తూటా దీని చాంబర్‌లో కూర్చోదు. గేమ్ వాళ్లు మన సుఖం కోసం రెండింటినీ ఒకే డబ్బాలో వేసేశారు, అంతే.

ఈ 12 మిల్లీమీటర్ల తేడా గురించే ఈ వారం ముచ్చట. ఎందుకంటే మన హైదరాబాద్ కంపెనీ ఒకటి ఇందులో భాగస్వామి.

2024 జనవరి 8న పుణెలో డీఆర్‌డీఓ ఒక కొత్త రైఫిల్‌ను బయటపెట్టింది. పేరు ఉగ్రం. డిజైన్ పుణెలోని ఏఆర్‌డీఈ ల్యాబ్‌ది. తయారీలో తోడు నిలిచింది హైదరాబాద్‌కు చెందిన ద్వీప ఆర్మర్ ఇండియా. బరువు 4 కిలోల లోపు. మ్యాగజైన్‌లో 20 తూటాలు. 500 మీటర్ల దాకా పనిచేస్తుందని చెప్పారు. ఒక్కొక్కటిగా కాల్చవచ్చు, ట్రిగ్గర్ పట్టుకుంటే ఆగకుండా కూడా కాల్చవచ్చు. చాంబర్ మాత్రం పెద్దది, 7.62×51. సైన్యం, పారామిలటరీ, పోలీసు బలగాలను దృష్టిలో పెట్టుకొని చేసిన తుపాకీ ఇది.

మా చింతమడకలో అగ్నివీర్ కోసం పొద్దున్నే లేచి రన్నింగ్ చేసే పోరలు కొందరున్నారు. అందులో మా చిన్నమ్మ కొడుకు ఒకడు. ఉగ్రం వీడియో చూసి నన్ను అడిగిండు.

"అన్నా, ఇన్సాస్ కంటె గిది పెద్ద తూటా కదా. మరి ముందుగాల్నే గిది ఎందుకు చెయ్యలె?"

"చేసిన్రురా. అరవై ఏండ్ల కిందనే చేసిన్రు. మళ్ల వదిలిపెట్టిన్రు."

వాడు నమ్మలేదు. నిజానికి అసలు కథ అక్కడే ఉంది.

పోయిన తూటా మళ్లీ వచ్చింది

1962లో చైనాతో యుద్ధం జరిగినప్పుడు మన జవాన్ల చేతిలో ఉన్నది ఎక్కువగా .303 రైఫిల్. ప్రతి తూటాకూ చేత్తో బోల్టు వెనక్కి లాగి ముందుకు తోయాలి. ఆ తర్వాత ఇషాపూర్‌లో 7.62×51 ఎస్‌ఎల్‌ఆర్ తయారీ మొదలైంది. ఎస్‌ఎల్‌ఆర్ అంటే సెల్ఫ్ లోడింగ్ రైఫిల్. ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక గుండు పోతుంది, తర్వాతి తూటా దానంతట అదే చాంబర్‌లోకి వస్తుంది. దీన్నే సెమీ ఆటోమేటిక్ అంటాం. మన పోలీస్ స్టేషన్ల ముందు సెంట్రీ భుజాన పొడుగ్గా వేలాడే తుపాకీని మీరూ చూసే ఉంటారు.

ఇంతలో ప్రపంచం మనసు మారింది. అమెరికా తన 7.62 రైఫిల్ ఎం14ను పక్కనపెట్టి వియత్నాం యుద్ధకాలంలో చిన్న తూటా ఎం16కు వెళ్లింది. 1980 నాటికి నాటో దేశాలు కూడా 5.56×45ను ఒప్పుకున్నాయి. మనం కూడా అదే దారిలో ఇన్సాస్ చేసుకున్నాం. 1999 కార్గిల్ నాటికి అది జవాన్ల చేతిలో ఉంది. ఆ చలిలో మ్యాగజైన్లు పగులుతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. తూటా చిన్నది, తగిలినా శత్రువు పడిపోవడం లేదు అనే మాట కూడా బలపడింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మ్యాగజైన్ పగలడం తూటా తప్పు కాదు, తయారీ తప్పు. మోటరు కాలిపోతే బోరును తిట్టినట్టు, ఇన్సాస్ తప్పులు కొన్ని 5.56 ఖాతాలో పడ్డాయి.

ఏమైనా సైన్యం మళ్లీ పెద్ద తూటా వైపు చూసింది. 2019 ఫిబ్రవరిలో 72,400 సిగ్ 716 రైఫిళ్లకు అమెరికా కంపెనీతో ఒప్పందం అయింది. అవి 7.62×51. 2024లో మరో 73,000 ఆర్డర్ చేశారు. ఇంకోవైపు 2021 డిసెంబర్‌లో 6 లక్షలకు పైగా ఏకే 203లకు రష్యాతో సంతకాలు అయ్యాయి. అవి యూపీలోని కోర్వాలో తయారవుతాయి. వాటి తూటా 7.62×39. ఉగ్రం వచ్చింది ఈ వరసలోనే. ఇప్పుడు లెక్క చూడండి. ఇన్సాస్‌కు ఒక తూటా, ఏకేకు ఒకటి, సిగ్‌కు ఇంకొకటి. ఒకే సైన్యం, మూడు రకాల డబ్బాలు.

బలం ఎంత, బరువెంత?

మా దగ్గర బోరు అంటే బోరుబావే. ఐదు హెచ్‌పీ మోటరు తీసి ఏడున్నర దించుతానంటే రైతు ముందు మోటరు రేటు అడగడు. పైపు తట్టుకుంటదా, కేబుల్ సరిపోతదా, ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడ్ ఎంత పడతది అని అడుగుతడు. తుపాకీ బోరు సంగతీ అంతే.

ముందు బలం చూద్దాం. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే క్రికెట్ బంతిలో ఉండే శక్తి సుమారు 120 జౌళ్లు. 5.56 గుండు బరువు 4 గ్రాములే, కానీ సెకనుకు 900 మీటర్లకు పైగా వేగంతో బయటికొస్తుంది. దాని శక్తి సుమారు 1,700 జౌళ్లు. అంటే అలాంటి బంతులు 14 ఒకేసారి తగిలినట్టు. ఏకే గుండు 2,000 దాకా. 7.62×51 గుండు తొమ్మిదిన్నర గ్రాములు, శక్తి 3,300 జౌళ్ల చుట్టూ. చిన్న తూటాకు దాదాపు రెండింతలు. దూరం పోయినా బలం తొందరగా తగ్గదు. కొండల మీద ఒక శిఖరం నుంచి ఇంకో శిఖరానికి కాల్చేచోట ఇది ప్రాణం నిలబెట్టే తేడా.

ఇప్పుడు బరువు. 5.56 తూటా ఒకటి సుమారు 12 గ్రాములు. 7.62×51 సుమారు 24. జవాను 120 తూటాలు మోస్తే మొదటిది కిలోన్నర లోపు, రెండోది మూడు కిలోలకు దగ్గర. తుపాకీ, హెల్మెట్, బుల్లెట్ ప్రూఫ్ జాకెట్, తిండి, నీళ్లు వేరే. ఆ అదనపు కిలోన్నర అంటే ఒకటిన్నర లీటరు నీళ్ల బాటిల్. పెద్ద తూటా కావాలంటే ఆ నీళ్లన్నా వదలాలి, తూటాలన్నా తగ్గించుకోవాలి.

మూడోది తన్ను. న్యూటన్ మూడో సూత్రం పరీక్షలో రాసి మర్చిపోతాం, భుజం మాత్రం మర్చిపోదు. గుండు ముందుకు ఎంత బలంగా పోతే తుపాకీ వెనక్కి అంత తంతుంది. అందుకే అమెరికా ఎం14ను ఆగకుండా కాలిస్తే గురి నిలవలేదు. ఉగ్రంలో ఆటోమేటిక్ మోడ్ ఉన్నా, ఇంత పెద్ద తూటాతో గురి కావాలంటే ఒక్కొక్కటిగా కాల్చడమే నయం.

ఈ ఊగిసలాట మన ఒక్కరిదే కాదు. చిన్న తూటాను ప్రపంచానికి నేర్పిన అమెరికానే 2022లో 6.8×51 తూటా రైఫిల్‌ను ఎంచుకుంది. శత్రువులు వేసుకునే కవచాలు గట్టిపడటం దానికి ఒక కారణం. ఫలితం ఏంటంటే, పాత రైఫిల్‌తో 210 తూటాలు మోసిన సైనికుడు దీంతో 140 మోస్తాడు. బలం పెరిగింది, లెక్క తగ్గింది.

తూటాను ఎంచుకునేది చట్టం కూడా

యూట్యూబ్‌లో అమెరికా వాళ్లు తమకు నచ్చిన బారెల్, నచ్చిన చాంబర్‌తో రైఫిల్ అమర్చుకునే వీడియోలు మీ ఫీడ్‌లోకీ వస్తుంటాయి. .450 బుష్‌మాస్టర్ అని ఒక వింత తూటా ఉంది. గుండు మందం పదకొండున్నర మిల్లీమీటర్లు. అది అంత పేరు తెచ్చుకోవడానికి బలం ఒక్కటే కారణం కాదు, మిషిగన్ రాష్ట్రం వేట నియమాలు కూడా. డెట్రాయిట్ చుట్టూ మన తెలుగువాళ్లు చాలామంది ఉండే దక్షిణ మిషిగన్‌లో జనం ఎక్కువ. అక్కడ జింకల వేటకు మామూలు రైఫిల్ తూటాలను ఒప్పుకోలేదు. 2014లో తిన్నని గొట్టం ఉన్న లావు తూటాలకు అనుమతి ఇచ్చారు. ఆ గుండు బరువైనది, వేగం తక్కువ, తొందరగా నీరసపడుతుంది. ఆ కొలతలకు సరిపోయింది కాబట్టి బుష్‌మాస్టర్ దశ తిరిగింది.

మన దేశంలోనూ ఇలాంటి కథే ఉంది. లైసెన్స్ ఉన్న పెద్దమనుషుల ఇళ్లలో .315 రైఫిల్ కనిపిస్తుంది. ఆ బోరే ఎందుకు? బ్రిటిష్ వాళ్లకు సైన్యం వాడే .303 తూటాలు జనం చేతికి పోతాయని భయం. అందుకని ఒకప్పుడు ఆస్ట్రియా సైన్యం వాడిన 8 మిల్లీమీటర్ల మాన్లికర్ తూటాను ఇక్కడ సివిల్ రైఫిళ్లకు పెట్టారు. దొర పోయినా ఆ భయం నియమాల్లో ఉండిపోయింది. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం సైన్యం .303, 7.62 తూటాలు పట్టే బోల్టు, సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు నిషేధిత జాబితాలో ఉన్నాయి. అందుకే ఉగ్రం ఎంత నచ్చినా షాపులో దొరకదు.

ఇక ఇంట్లో చేసుకుందాం అనే ఆలోచన. అడవిపందులు మక్క చేను తొక్కితే కడుపు మండుతుంది, కాదనను. కానీ 2019 సవరణ తర్వాత లైసెన్స్ లేకుండా తుపాకీ తయారు చేస్తే కనీసం 7 ఏళ్ల జైలు, యావజ్జీవం దాకా పోవచ్చు. నిషేధిత రకమైతే కనీసం 10 ఏళ్లు. "నాటు తుపాకే కదా సార్" అంటే కోర్టు వినదు. పైగా చాంబర్ కొలత కొంచెం తేడా వస్తే అంత ఒత్తిడీ బారెల్ ముందుకు పోకుండా కాల్చినవాడి ముఖం మీదికే వస్తుంది. మోటరు కాలితే రివైండింగ్ చేయించుకోవచ్చు. కన్నుకు రివైండింగ్ లేదు.

మూడు ప్రశ్నలు

ఈసారి ఏ కొత్త రైఫిల్ వార్త వచ్చినా తూటా సైజు చూసి లైక్ కొట్టే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. దీన్ని ఎవరు మోస్తారు? తూటాలు ఎక్కడి నుంచి, ఎంత తొందరగా వస్తాయి? పట్టుకునే హక్కు ఎవరికి ఉంది? ఉగ్రంకు మొదటి ప్రశ్నే గట్టిది. రెండో ప్రశ్నకు కొంత ఊరట ఉంది. 7.62×51 మన సైన్యానికి కొత్త కాదు, ఎస్‌ఎల్‌ఆర్ రోజుల నుంచి వాడుతున్నదే. ల్యాబ్‌లో ఎంత బాగున్నా చివరి మార్కులు వేసేది మాత్రం మంచులో, ఇసుకలో దాన్ని మోసే భుజమే.

మా తమ్ముడు ఇదంతా విని, "అంటే అన్నా, నేను ఇప్పటి నుంచే బ్యాగుల ఇంకో కిలోన్నర ఏసుకొని ఉరకాల్నా?" అన్నడు. నాకైతే వాడికి సగం విషయం అర్థమైనట్టే అనిపించింది.