ప్రశ్న – సంస్కారం

ప్రశ్నతో వినోదించడం తెలుగువారికి కొత్త కాదు. పొడుపుకథలు, అవధానంలోని పృచ్ఛకుల ప్రశ్నలు ఇందుకు నిదర్శనాలు. మిత్రులు కూడి ఆడుకొనే నేటి క్విజ్ కూడా ఆ కోవలోనిదే.

వరంగల్లు విద్యార్థుల క్విజ్‌లో రామప్పగుడి ప్రస్తావన రావడం సహజం. నిర్మాణకాలం 1213, యునెస్కో గుర్తింపు 2021 అని చెప్పినవారికి మార్కులు లభిస్తాయి. కాని గోపురానికి నీటిపై తేలే ఇటుకలను ఎందుకు వాడారో ఆలోచించినప్పుడే కాకతీయ శిల్పుల ప్రతిభ బోధపడుతుంది. ఆ తేలిక ఇటుకలు కట్టడంపై భారాన్ని తగ్గించాయి. 'ఎప్పుడు' అనే ప్రశ్న జ్ఞాపకశక్తిని పరీక్షిస్తే, 'ఎందుకు' అనే ప్రశ్న ఆలోచనను మేల్కొల్పుతుంది.

సమాధానం తెలియనివారిని పరిహసిస్తే ఆట చెడుతుంది. వారు మరల నోరు విప్పరు. తెలిసినవారు వివరిస్తే అందరూ లాభపడతారు. మహాభారతంలో ధర్మరాజు యక్షుని ప్రశ్నలన్నింటికీ సమాధానాలు చెప్పాడు. తమ్ములలో ఒక్కరినే బ్రతికిస్తానన్నప్పుడు, కుంతికి తానున్నందున మాద్రికీ ఒక కుమారుడుండాలని నకులుని కోరాడు. ఆ సమదృష్టికి మెచ్చి యక్షుడు నలుగురినీ బ్రతికించాడు.

విద్యార్థులు సమాధానాలతోపాటు ఈ సంస్కారాన్ని కూడా అలవరచుకోవాలి. అప్పుడే ఆటలో ఓడినవారు కూడా ఏదో ఒకటి నేర్చుకొని ఇంటికి వెళతారు.